అరుంధతీ న్యాయము: ఆలస్యముగా చేయుచున్న ఒక సవరణ

మన పెండ్లిండ్లలో అరుంధతీ దర్శనము ఒక ముచ్చట. పురోహితుడు వధూవరులను వాకిటిలోనికి తీసికొనిపోయి, ఉత్తర దిక్కునకు చేయి చాచి, ముందుగా సప్తర్షులను, వారిలో వసిష్ఠుని, ఆయన ప్రక్కన అరుంధతిని చూపును. ముహూర్తము పట్టపగలైనను ఈ తంతు మానరు. "కనబడినదా?" అని ఆయన అడుగును. "కనబడినది" అని వారు చెప్పుదురు. అందరును నవ్వుకొని లోపలికి వచ్చెదరు. చూడనిదానిని చూచితిమని చెప్పుట మనకు పెండ్లినాడే అలవాటగుచున్నదని నేను హాస్యమునకు అనుచుందును.

ఈ ఆచారమునుండియే మన పెద్దలు స్థూలారుంధతీ న్యాయమను ఒక న్యాయమును తీసిరి. అరుంధతి మిక్కిలి సన్నని చుక్క. ఒక్కమారుగా చూపిన కంటికి ఆనదు. కావున ముందు దాని ప్రక్కనున్న పెద్ద చుక్కను చూపి "అదియే అరుంధతి" అందురు. చూపు అక్కడ కుదురుకొనిన పిదప "అది కాదు, దాని చెంతనున్న ఈ సన్ననిది" అని చెప్పుదురు. ఈ న్యాయములో రెండు మాటలున్నవి. మొదటిది "ఇది" అనుట, రెండవది "ఇది కాదు" అనుట. మొదటి మాట చెప్పి రెండవ మాట చెప్పక ఇంటికి పోయిన పురోహితుని ఏమనవలెను? అట్టి పురోహితుడను నేనే. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

1999వ సంవత్సరాంతమున నేనొక జూనియర్ కళాశాలలో క్రొత్తగా చేరిన తెలుగు ఉపన్యాసకుడను. ఆ దినములలో ఒక వార్త చదివితిని. రెండు సూర్యుల చుట్టు తిరుగు గ్రహమును శాస్త్రజ్ఞులు కనుగొనిరని దాని సారాంశము. ఆనాటి పాఠము సూర్యోదయ వర్ణన. నేను పుస్తకము మూసి, "అబ్బాయీ, ఒక ఉదయమునకే మన కవులు ఇన్ని పద్యములు చెప్పిరి. దినమునకు రెండు ఉదయములున్న లోకము నిజముగా ఉన్నదట. అచ్చటి కవి ఎన్ని చెప్పునో!" అంటిని. తరగతి అంతయు కన్నులు విప్పి వినెను. నా జీవితములో అంత నిశ్శబ్దముగా విన్న తరగతులు అనేకము లేవు.

ఆ మరుసటి సంవత్సరముననే ఆ గ్రహము లేదని మరియొక శాస్త్రజ్ఞుల బృందము చూపినది. ఈ సంగతి నాకు తెలియుటకు సుమారు పదునైదు సంవత్సరములు పట్టినది. ఒకనాడు ఉపన్యాసకుల గదిలో భౌతికశాస్త్రము చెప్పు మిత్రుడు నా ముచ్చట విని, "మాస్టారూ, అది ఎప్పుడో వీగిపోయినదండీ" అనెను. ఆనాటి విద్యార్థులు అప్పటికే నలుమూలలకు పోయిరి. వారిలో కొందరు ఉపాధ్యాయులైరి. నేను చెప్పిన మాటను వారు ఎందరికి చెప్పిరో! పొరబడినందుకు నాకు సిగ్గు లేదు. రెండవ మాట చెప్పనైతినే అని మాత్రము బాధ కలదు.

అసలు ఆ గ్రహమును కనుగొంటిమనుట ఎట్లు? కాదనుట ఎట్లు? ఇది తెలిసిననే గాని నా వాదము నిలువదు. కావున పాఠకులు కొంత ఓపిక పట్టవలెను.

బరువైన వస్తువు ప్రక్కనుండి పోవునప్పుడు వెలుగు కొంచెము వంగును. ఐన్‌స్టీన్ సిద్ధాంతము చెప్పిన ఈ వంపును 1919వ సంవత్సరము మే 29వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమున ఆర్థర్ ఎడింగ్టన్ మొదలగువారు కొలిచి చూపిరి. అట్లయినచో ఒక నక్షత్రము మరియొక నక్షత్రమునకు సరిగా ఎదుటికి వచ్చినప్పుడు, ముందున్నది భూతద్దమువలె పనిచేసి, వెనుకనున్నదాని వెలుగును పెంచవలెను గదా! మాండల్ అను ఒక ఇంజనీరు అడుగగా ఐన్‌స్టీన్ ఈ లెక్క వేసి 1936లో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. కాని ఇట్టిది మానవుడు చూడగలడన్న ఆశ ఆయనకే లేదు. రెండు చుక్కలు అంత సూటిగా ఒక వరుసలోనికి వచ్చుట మిక్కిలి అరుదు. వచ్చినను ఆ వంపు సెకను కోణములో వెయ్యవ వంతు పాటిది. ఐదువేల కిలోమీటర్ల దూరముననున్న రూపాయి నాణెము ఎంత కనబడునో అంత.

వంపు కనబడకున్నను, వెలుగు పెరుగుట కనబడును గదా అని పోలెండు దేశీయుడైన బోడన్ పచిన్‌స్కీ 1986లో సూచించెను. ఒక చుక్కను గాక కోట్ల చుక్కలను ప్రతి రాత్రి చూచుచుండవలెను. మన పాలపుంత నడిబొడ్డు వైపు చూచినచో, ఏ క్షణమునందైనను పది లక్షల చుక్కలలో సుమారు ఒక్కటి ఇట్లు వెలుగు హెచ్చి యుండును. 1993లో మొదటిసారిగా ఇట్టివి దొరికినవి. దీనినే సూక్ష్మ గురుత్వ కటక ప్రక్రియ యందురు. ముందు నక్షత్రము ఒంటరిదైనచో వెనుక చుక్క వెలుగు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గును. కొండ ఎక్కి దిగినట్లు రెండు వైపులును సమానముగా ఉండును. ఇదంతయు సుమారు ఒక నెల వ్యవహారము. తరువాత ఆ రెండు చుక్కలు ఎవరి దారిన అవి పోవును. అదే జంట మరల ఒక వరుసకు వచ్చుటను మన కాలములో ఎవరును చూడబోరు.

ముందు నక్షత్రమునకు గ్రహమున్నచో ఆ కొండ వాలులో మరియొక చిన్న గుట్ట లేచును. బృహస్పతి పాటి గ్రహమైనచో ఆ గుట్ట ఒక దినము నిలుచును. భూమి పాటిదైనచో కొన్ని గంటలు మాత్రమే. ఈ ఉపాయమును 1991లో పచిన్‌స్కీయును ఆయన శిష్యుడు షూడ్ మావోయును చెప్పిరి. జంట నక్షత్రముల రాకడను కూడ దీనిచే కనిపెట్టవచ్చునని ఆ వ్యాసముననే చెప్పియుండిరి. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఎండలో పాలగ్లాసు పెట్టి చూడుడు. స్టీలు గ్లాసు లోపలి గోడలమీద పడిన ఎండ తిరిగి పాలమీద పడి, ఒక మెరయు వంకర గీతగా ఏర్పడును. ఆ గీతకు ఇవతల మసక, అవతల మసక, గీతమీద మాత్రము కన్ను మిరుమిట్లు గొలుపు వెలుగు. ఇట్టి గీతను శాస్త్రజ్ఞులు కాస్టిక్ అందురు. ముందు నక్షత్రము ఒక్కటి గాక జంటయైనచో ఆకాశములో ఇట్టి గీతలే మూసిన వలయములుగా ఏర్పడును. వెనుక చుక్క ఆ గీతను దాటినప్పుడెల్ల దాని వెలుగు ఒక్కసారిగా ఎగయును. నక్షత్రమునకు తోడు గ్రహమైనను ఇట్టి గీతలే, తోడు మరియొక నక్షత్రమైనను ఇట్టి గీతలే. ఆకారములో, పరిమాణములో భేదము. ఇద్దరు నక్షత్రములును ఒక గ్రహమును కలిసినచో గీతలు మరింత చిక్కుపడును. మన చేతికి వచ్చునది గీతల చిత్రము కాదు. ఆ చిత్రముమీదుగా ఒక చుక్క ఒక్కమారు నడచిపోయినప్పటి వెలుగు లెక్క మాత్రమే. ముగ్గులు వేసిన వాకిటిలో ఒక చీమ ఒకే గీతగా నడచిపోయినది. దాని కాళ్ళకు ఎన్నిసార్లు పిండి అంటెనో విని ముగ్గంతయు చెప్పవలెనన్నట్లు.

1997లో మాచో-97-బీఎల్‌జీ-41 అను ఒక ఘటన వచ్చినది. వెలుగు ఒక్క చోట గాక వేరువేరుగా రెండు చోట్ల ఎగసినది. కదలని జంట నక్షత్రముతో ఈ రెండును లెక్కకు పొసగలేదు. డేవిడ్ బెనెట్ మొదలగు శాస్త్రజ్ఞులు మూడవ వస్తువును చేర్చి చూచిరి. లెక్క కుదిరెను. బృహస్పతికి సుమారు మూడింతల గ్రహము జంట నక్షత్రము చుట్టు తిరుగుచున్నదని 1999లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. నేను తరగతిలో చెప్పినది దీనినే.

ప్లానెట్ అను మరియొక బృందమునకు అదే ఘటనపై తమ సొంత కొలతలున్నవి. వారు వేరొక ప్రశ్న వేసిరి. జంట నక్షత్రములు ఒకదాని చుట్టు ఒకటి తిరుగుచుండును గదా! వానిని కదలనివిగా ఎందుకు లెక్కింపవలెను? రెండు ఎగుడులకు నడుమ గడిచినది సుమారు 35 దినములు. ఆ వ్యవధిలో జంట ఐదున్నర డిగ్రీలకు కొంచెము మించి తిరిగెననుకొనినచో కొలతలన్నియు గ్రహము లేకయే సరిపోయినవి. ఇది 2000లో వెలువడెను. 2013లో కొరియా శాస్త్రజ్ఞుడు యూన్ కిల్ జంగ్ మొదలగువారు మరల పరిశీలించి, తిరుగుచున్న జంటయే సరియని చెప్పిరి. గ్రహము పోయినది.

మన తార్కికులు దీనిని విని ఆశ్చర్యపడరు. పర్వతముపై పొగను చూచి నిప్పున్నదనుట అనుమాన ప్రమాణము. కాని హేతువు నిప్పున్న చోటనే గాక లేని చోట కూడ ఉండునదైనచో దానిని సవ్యభిచారమందురు. అది హేత్వాభాసము. తెల్లవారుజామున కొండమీది మంచును చూచి నిప్పంటుకొనినదని కేక వేసినట్లు. 1997 నాటి ఆ రెండవ ఎగుడు గ్రహమున్నను రాగలదు, జంట తిరిగినను రాగలదు. కన్ను పొరబడలేదు, కొలత పొరబడలేదు. వేరొక కారణమున్నదేమో అని అడుగుటలో లోపము జరిగినది.

ఇక్కడితో ఆగినచో కథ విషాదమగును. అది ఆగలేదు. 2007లో ఓగల్-2007-బీఎల్‌జీ-349 అను ఘటన వచ్చెను. దీనిలోను మూడు వస్తువులున్నవని తేలెను. కాని ఒక నక్షత్రమునకు రెండు గ్రహములా? జంట నక్షత్రమునకు ఒక గ్రహమా? రెండు లెక్కలును కుదురుచున్నవి. ఈసారి తొందరపడలేదు. హబుల్ అంతరిక్ష దూరదర్శిని చిత్రములను పరిశీలించిరి. ఒకే నక్షత్రమైనచో అది ఇంత వెలుగుతో కనబడవలెనని లెక్క చెప్పుచున్నది. అంత వెలుగు అక్కడ లేదు. ఉన్న కొద్ది వెలుగు రెండు చిన్న ఎఱ్ఱ నక్షత్రములకు సరిపోవుచున్నది. కావున జంటయే నిజము. శని కంటె కొంచెము తక్కువ ద్రవ్యరాశి గల గ్రహము, సుమారు 8000 కాంతి సంవత్సరముల దూరమున, జంట నక్షత్రము చుట్టు తిరుగుచున్నది. ఈ పద్ధతిచే దొరికిన అట్టి గ్రహములలో ఇది మొదటిది. ప్రకటించినది 2016లో, ఘటన జరిగిన తొమ్మిదేండ్లకు. ఆ వ్యాసమునకు ముఖ్య రచయిత ఎవరు? 1999 వ్యాసమును వ్రాసిన డేవిడ్ బెనెట్ గారే. పొరబడినవాడు వెలివేయబడలేదు. మరింత జాగ్రత్తతో అదే పని చేసి గెలిచెను.

మరియొకటి. 2013లో ఓగల్-2013-బీఎల్‌జీ-0341 అను ఘటనలో ముందుగా వెలుగు కొంచెము తగ్గి, తరువాత జంట నక్షత్రము వలన బాగుగా ఎగసెను. ఆ తగ్గుదల గ్రహము వలననే యని ఆండ్రూ గూల్డ్ మొదలగువారు 2014లో ప్రకటించిరి. భూమికి రెండింతల బరువు గల గ్రహము. అది జంటలో ఒకదాని చుట్టు, ఇంచుమించు మనము సూర్యునికున్నంత దూరమున తిరుగుచున్నది. ఆ నక్షత్రము మిక్కిలి మసకది కావున అచ్చట చలి సున్నకు దిగువ 210 డిగ్రీల సెల్సియస్ దాటును. వారు చేసిన ఒక పని నాకు మిక్కిలి నచ్చినది. ఆ తగ్గుదల కొలతలను పూర్తిగా తీసివేసి, మిగిలిన భాగముతోనే మరల లెక్క వేసిరి. అప్పుడును గ్రహము కనబడెను. ఒక సాక్షిని బయటికి పంపి రెండవ సాక్షిని విడిగా విచారించినట్లు. సూర్యునివంటి నక్షత్రములలో ఇంచుమించు సగము జంటలుగనో గుంపులుగనో ఉన్నవి. మన వసిష్ఠుడే దూరదర్శినిలో ఇద్దరు, కాంతిని విడదీసి చూచిన నలుగురు. అరుంధతికిని ఒక మసక తోడున్నదని 2009లో తేలెను. కావున జంటల యింట గ్రహములున్నవా అను ప్రశ్న వింత ప్రశ్న కాదు. విశ్వములో సగమును గూర్చిన ప్రశ్న.

పాఠకులలో కొందరు నన్ను అడుగవచ్చును: "రెండు సూర్యుల లోకము లేకపోలేదు గదా! 2011లో కెప్లర్ దూరదర్శిని అట్టి గ్రహమునే చూపెను. మీరు చెప్పినది చివరకు నిజమే ఐనది. ఇంక సవరణ ఎందుకు?" నిజమే. కాని నిజమైన మాటకు చెల్లని సాక్ష్యము పెట్టుట కూడ తప్పే. మాట నిజమైనది వేరొకరి శ్రమవలన. నా వార్తవలన కాదు.

మఱికొందరు ఉపాధ్యాయులు చెప్పునది ఇంతకంటె బలమైనది. "పిల్లలకు ముందు స్థిరముగా ఒక మాట చెప్పవలెను. తప్పులు, దిద్దుబాట్లు చెప్పినచో వారు తికమకపడుదురు. పరీక్షలో ఒక జవాబునకే మార్కులు. పైగా మాస్టారే పొరబడితినన్నచో తరగతిలో గౌరవమేమి మిగులును?" అని వారందురు. మొదటి మాట నేను ఒప్పుకొందును. అరుంధతీ న్యాయము చెప్పునది అదియే. ముందు పెద్ద చుక్కనే చూపవలెను. కాని అది చూపు నిలుపుటకే గాని చూపు ఆపుటకు కాదు. ఇక గౌరవము మాట. పొరబడని గురువును పిల్లలు దూరమునుండి మ్రొక్కుదురు. దిద్దుకొను గురువును నమ్ముదురు. మనకు కావలసినది నమ్మకము.

తెలుగు చెప్పువాడను కనుక నా వంతు మాట కూడ చెప్పెదను. మన భాషలో తెలిసినదానికి, తోచినదానికి వేరువేరు మాటలున్నవి. "అని తేలినది", "అని తోచుచున్నది", "అని ఊహించుచున్నారు", "అనుచున్నారు", "అట" అనునవి ఒక మెట్టునకు ఒక మెట్టు దిగువ. నేను ఆనాడు "ఉన్నదట" అంటిని. "ఉన్నదని ఒక బృందము లెక్క వేసినది" అనవలసినది. విద్యార్థులు "అట"ను మరచి "ఉన్నది"ని గుర్తుంచుకొనిరి. పత్రికల శీర్షికలలో ఈ మెట్లన్నియు కలిసిపోయి "కనుగొన్నారు" అను ఒక్క మాటయే మిగులుచున్నది. కనుగొనుట యన్నది కన్నుతో చూచుటనుండి పుట్టిన మాట. ఎవరును కన్నుతో చూడని గ్రహమును గూర్చి ఆ మాట వాడునప్పుడు కొంత భయము ఉండవలెను. వ్యాకరణము చెప్పునప్పుడు ఈ క్రియలను వరుసగా వ్రాయించి, ఒక వార్తను తీసికొని, దీనికి ఏ మెట్టు తగునని పిల్లలను అడుగుడు. అది తెలుగు పాఠమును అగును, శాస్త్ర పాఠమును అగును.

రెండవది. ప్రతి తరగతి గదిలోను ఒక సవరణల పుస్తకము పెట్టుడు. ఉపాధ్యాయుడు చెప్పినదానిలో ఏది మారినను తేదీ వేసి అందులో వ్రాయుడు. వ్రాయు హక్కు విద్యార్థికిని ఉండవలెను. జరిగిపోయిన ఘటనను మరల చూడలేని ఈ విద్యలో శాస్త్రజ్ఞులు చేయునది ఇదియే. ఒక దేశములో తెల్లవారినచో మరియొక దేశము చూచుచుండును. 2015 నుండి కొరియా వారు చిలీలోను, దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను మూడు దూరదర్శినులను ఇందుకే నడుపుచున్నారు. 2005లో దొరికిన ఒక గ్రహము విషయములో న్యూజీలాండు దేశపు ఔత్సాహికులు తమ సొంత చిన్న దూరదర్శినులతో కొలతలందించిరి. పెద్దవాడు, చిన్నవాడు అని లేదు. కొలత వ్రాసియుంచినవాడే సాక్షి. ఆ కొలతలు భద్రముగా నున్నందుననే 1997 నాటి ఘటనను 2013లో మరల విచారింపగలిగిరి.

నా తరగతిలో నాకట్టి పుస్తకము లేకపోయెను. కావున ఈ పుటనే ఆ పుస్తకముగా వాడుకొనుచున్నాను. 1999 చివర ఒక సూర్యోదయ పాఠమున రెండు ఉదయముల లోకమును గూర్చి విని నిశ్శబ్దముగా కూర్చున్నవారిలో ఎవరైనను ఇది చదువుచున్నచో వినుడు. నేను చూపిన ఆ చుక్క అరుంధతి కాదు. మాచో-97-బీఎల్‌జీ-41లో గ్రహము లేదు. అది తిరుగుచున్న జంట నక్షత్రము మాత్రమే. రెండు సూర్యుల లోకములు వేరుగా దొరికినవి. మీరు మీ పిల్లలకో, శిష్యులకో నా మాట చెప్పియున్నచో, దయచేసి ఈ మాట కూడ చెప్పుడు. చెప్పునప్పుడు మన మాస్టారు పొరబడి దిద్దుకొనెనని చెప్పుటకు సంకోచింపకుడు.